బీరువా తాళం ఎవరి దగ్గరుంది? అమ్మానాన్నలు పోయాక పంపకాల సంగతి

రాజాంలో దస్తావేజులు రాయడం నా వృత్తి. మా నాన్న ఇదే బల్ల మీద కలంతో రాసేవాడు, నేను కంప్యూటర్ మీద కొడుతున్నాను, అంతే తేడా. 2022 ఏప్రిల్‌లో మా మండలం విజయనగరం జిల్లాలోకి వచ్చింది. పాత కాగితాలన్నీ శ్రీకాకుళం జిల్లా పేరుతోనే ఉంటాయి, దానికి ఎవరూ కంగారు పడక్కర్లేదు. కంగారు పడాల్సినవి వేరే ఉన్నాయి.

అన్నదమ్ములు నా దగ్గరికి వచ్చేసరికి భూమి సంగతి మామూలుగా తేలిపోయే ఉంటుంది. తూర్పు చెక్క పెద్దోడికి, రోడ్డు వైపుది చిన్నోడికి, ఇంటి స్థలం చెరి సగం. రాసింది చదివి వినిపించి సంతకాలు పెట్టమనేసరికి ఎవరో ఒకరు మొదలుపెడతారు: “ముందు అమ్మ చంద్రహారం ఏటయిపోయిందో చెప్పమనండి. అప్పుడు పెడతాను సంతకం.” ఇక ఆ రోజుకి రిజిస్ట్రేషన్ లేనట్టే. నాలుగెకరాల దగ్గర రాని పేచీ నాలుగు తులాల దగ్గర వస్తుంది. భూమి ఎక్కడికీ పోదు, అందరి కళ్ల ముందే ఉంటుంది. బీరువాలోది ఎవరు తీశారో, ఎప్పుడు తీశారో కనపడదు. కనపడనిదాని మీద అనుమానం, అనుమానం మీద పాత కోపాలు, ఆ పైన తోటికోడళ్ల మాటలు.

అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్లకి మొదట రెండే చెబుతాను. అందరూ చూడకుండా ఏ వస్తువూ కదలకూడదు. అందరికీ తెలియకుండా ఏ సంతకమూ పడకూడదు. మిగతాదంతా ఈ రెండింటినీ నిలబెట్టుకోవడం ఎలాగన్నదే.

పెద్దదినం (పెద్దకర్మ) లోపల

అమ్మ పోయినప్పుడు ఒంటి మీది సొమ్ములు తీసేది ఎవరు? దగ్గరున్న కోడలో కూతురో. ముక్కుపుడక, గాజులు, మెళ్లో గొలుసు తీసి కొంగున ముడేసుకుంటుంది. ఆ గడబిడలో అది సహజం, తప్పూ కాదు. పదకొండో రోజున మాత్రం “ఆ గాజులు నాలుగు కదా, మూడే ఉన్నాయేం?” అన్న మాట పుడుతుంది. నాలుగో గాజు ఆస్పత్రిలోనే తీయించి పాలవాడి బాకీకి కుదువ పెట్టి ఉండొచ్చు, అసలు నాలుగో గాజే ఉండకపోవచ్చు. ఒకసారి మాట పుట్టాక తీసినావిడ బతుకంతా దానికి జవాబు చెప్పుకుంటూ ఉండాలి. కాబట్టి తీసేటప్పుడే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు పక్కన ఉండండి. లెక్కపెట్టి, గుడ్డలో మూట కట్టి, ఫోన్‌తో ఒక ఫొటో తీసి, బీరువాలో పెట్టి తాళం వేయండి. దుఃఖంలో ఈ లెక్కలేమిటని ఎవరైనా అంటే అననివ్వండి. అన్నవాళ్లే తర్వాత అడుగుతారు.

తాళం ఒకరి దగ్గర, బీరువా ఉన్న గది తాళం ఇంకొకరి దగ్గర ఉంచడం మంచిది. మా వైపు చాలా ఇళ్లలో ఒక కొడుకు ఊళ్లో, ఒకడు విశాఖలోనో హైదరాబాద్‌లోనో, ఒకడు మిలటరీలో ఉంటాడు. సెలవు అయిపోతుందని మిలటరీవాడు తొందరపెడతాడు. పెద్దదినం రోజునే అన్నీ తేల్చేద్దామంటాడు. అతని బాధ నిజమే. అయినా భోజనాలు వడ్డిస్తూ, చుట్టాలు వింటూ ఉండగా పంపకం మాట్లాడితే చెడుతుంది. ఆ రోజు చేయాల్సింది ఒక్కటే: బీరువా తెరిచి, అందరి ముందూ ఉన్నదేదో చూసి, కాగితం మీద రాసి, అందరూ సంతకాలు పెట్టి మళ్లీ మూసేయడం. పంచడం కాదు, రాయడం. వీడియో కాల్‌లో ఉన్నవాళ్లు కూడా చూడొచ్చు.

ఖర్చుల పుస్తకం ఒకటి కొనండి. పాడె దగ్గర్నుంచి పందిరి, బియ్యం, కూరలు, పురోహితుడి సంభావన, దాసరికి ఇచ్చింది, అస్థికలు కలపడానికి వెళ్లిన కారు కిరాయి దాకా ఎవరి జేబులోంచి ఎంత వెళ్లిందో ఏ రోజుదారోజు రాయాలి. “అన్నయ్యే పెట్టుకుంటాడులే” అని వదిలేస్తారు. ఏడాది తిరక్కుండానే ఆ అన్నయ్య భార్య నోట అది రెట్టింపై వస్తుంది. ఆ ఖర్చు నాన్న డబ్బులోంచి తీయాలా, కొడుకులు పంచుకోవాలా, కూతుళ్లు కూడా వేసుకుంటారా అన్నది ముందే అనుకోండి. వాటా అడిగే కూతురు ఖర్చులోనూ వాటా ఇస్తాననడం నేను చాలాసార్లు చూశాను. అన్నదమ్ములకి ఆ మాట వినడమే కష్టంగా ఉంటుంది.

నాన్న ఏటీఎం కార్డు పిన్ మీకు తెలుసు, నిజమే. పోయిన తర్వాత దాంతో డబ్బు తీయకండి. మంచి ఖర్చుకే తీసినా స్టేట్‌మెంట్‌లో తేదీ పడుతుంది, తర్వాత అది దొంగతనంలా కనిపిస్తుంది. పోయాక పడిన పింఛను అయితే వెనక్కి కట్టించుకుంటారు కూడా. అదే సమయంలో నాన్న ఫోన్‌ని, సిమ్‌ని మాత్రం బతికించి ఉంచండి. బ్యాంకు, ఇన్సూరెన్సు, గ్యాసు, అన్ని మెసేజులూ దానికే వస్తాయి. మనవడికి ఆడుకోవడానికి ఇచ్చి ఫోన్ మొత్తం తుడిపించేసిన ఇళ్లున్నాయి.

డెత్ సర్టిఫికెట్ కోసం 21 రోజుల లోపల పంచాయతీ కార్యదర్శికి చెప్పాలి, పట్నంలో అయితే మున్సిపాలిటీకి. ఆలస్యమైతే రుసుము, ఇంకా ఆలస్యమైతే అధికారుల అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు దాకా పోతుంది. అన్నిటికన్నా ముఖ్యం పేరు. ఆధార్‌లో అప్పలస్వామి, పాస్‌బుక్‌లో అప్పలసామి, బ్యాంకులో ఇంటిపేరు లేకుండా ఒట్టి అప్పలస్వామినాయుడు. మా వైపు ఇది ప్రతి ఇంటి కథ. చెప్పేటప్పుడే ఆధార్, పట్టాదారు పాస్‌బుక్ రెండూ పక్కన పెట్టుకుని, భూమి కాగితాల్లో పేరు ఎలా ఉందో చూసి చెప్పండి. తర్వాత తహసీల్దార్ నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకోవాలి, ఊరి సచివాలయంలోనో మీసేవ కేంద్రంలోనో అర్జీ పెట్టుకోవచ్చు. అందులో పెళ్లై వెళ్లిపోయిన కూతుళ్ల పేర్లు రాయడం “మర్చిపోవడం” ఒక జబ్బు. తర్వాత ఆ కాగితం మీద నడిచిన పనులన్నీ తిరగబడతాయి.

ఎవరెవరికి వాటా

వీలునామా లేకుండా హిందూ మగమనిషి పోతే, అతని స్వార్జితం 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకి, కొడుకులకి, కూతుళ్లకి, అతని తల్లి బతికి ఉంటే ఆమెకి, అందరికీ తలా ఒక వాటా. ముందే చనిపోయిన కొడుకు ఉంటే అతని భార్యాపిల్లలు కలిసి అతని వాటా తీసుకుంటారు, ముందే పోయిన కూతురుంటే ఆమె పిల్లలు ఆమె వాటా.

మనవాళ్లు తరచూ మరిచిపోయేది నాయనమ్మని. 4 ఎకరాల 80 సెంట్లు ఉందనుకోండి. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు అని నాలుగు భాగాలు చేసి 1 ఎకరం 20 సెంట్ల చొప్పున రాయించేస్తారు. అరుగు మీద కూర్చుని వక్క నములుతున్న నాయనమ్మ అయిదో వాటాదారు. అసలు లెక్క 96 సెంట్లే. ఆమె కాలం చేశాక ఆ 96 సెంట్లలోకి ఆమె పిల్లలందరూ, అంటే మేనత్తలు, చిన్నాన్నలు కూడా వస్తారు. ఆమె ఉండగానే కూర్చోబెట్టి, ఆమెకి ఇష్టమైనట్టు రాయించుకోవడం తేలిక.

తాతల నాటి ఆస్తి లెక్క వేరు. ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉండగా మన రాష్ట్రం కూతుళ్లకి కొడుకులతో సమానంగా పిత్రార్జితంలో హక్కు ఇచ్చింది, 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్లి కాని వాళ్లకి. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర చట్టం ఆ పెళ్లి షరతు కూడా తీసేసింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా అక్కర్లేదా అన్న తగువుని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్చింది: అక్కర్లేదు, హక్కు పుట్టుకతోనే వస్తుంది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలని మాత్రం కదపరు. కాబట్టి “ఆడపిల్లకి పెళ్లప్పుడే ఇచ్చేశాం” అన్నది ఇంట్లో చెప్పుకునే మాటే తప్ప ఆఫీసులో చెల్లే మాట కాదు. పసుపు కుంకుమ కింద భూమి రాసిచ్చి ఉంటే దాని దస్తావేజు చూపించి, వాటాలో ఎలా లెక్కకడదామో మాట్లాడుకోవాలి.

ఆడపిల్ల సంతకం దగ్గర నాకు ఒక పట్టింపు ఉంది. “ఊరికే ఒక సంతకం పెట్టెళ్లు అప్పా” అని అక్కని సంక్రాంతికి పిలిచి, చీర పెట్టి, మధ్యలో కాగితం చాపితే నేను ఆ దస్తావేజు రాయను. ఏం వదులుకుంటోందో సర్వే నంబరుతో సహా చదివి వినిపిస్తాను. ఇష్టంగా వదులుకునే అక్కలు చాలామంది ఉన్నారు, పుట్టింటి గడప ఉంటే చాలనుకుంటారు. అప్పుడు హక్కు విడుదల దస్తావేజు రాసి రిజిస్టర్ చేయిస్తే అందరికీ క్షేమం. నోటిమాటతో వదిలేసింది రేపు ఆమె పిల్లల చేతిలో మళ్లీ లేస్తుంది. అడిగితే మాత్రం ఇవ్వండి, అడిగిందని పెళ్లిళ్లకి పిలవడం మానేయకండి. చట్టం ఇచ్చింది తీసుకునే మనిషిని దురాశపరురాలంటే ఎలా?

అమ్మ పేరున ఉన్న ఆస్తి, ఆమె బంగారం కూడా వీలునామా లేకపోతే కొడుకులకి, కూతుళ్లకి, భర్తకి సమానమే. బంగారం కూతుళ్లదన్నది మన ఆచారం. అందరూ ఒప్పుకుంటే ఆచారమే పాటించండి, నాకు ఆ ఆచారం నచ్చుతుంది కూడా. ఒకరు కాదంటే చట్టమే. ముస్లింలకి, క్రైస్తవులకి వారసత్వ నియమాలు వేరు. షెడ్యూల్డ్ తెగలవాళ్లకి ఈ హిందూ చట్టం వర్తించదు, వాళ్ల భూముల బదిలీకి ఏజెన్సీలో విడి నిబంధనలున్నాయి. వాళ్లు ఈ లెక్కలు పట్టుకుని వాదించుకోవద్దు.

వీలునామా ఉందేమో ముందు వెతకండి. స్టాంపు కాగితం మీదే ఉండాలని లేదు, రిజిస్టర్ కావాలనీ లేదు. తెల్లకాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో వేసి, ఇద్దరు సాక్షులు సంతకాలు చేస్తే చెల్లుతుంది. రిజిస్టరైన వీలునామా ఉంటే, రాసినవారు పోయాక సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఎవరు అర్జీ పెట్టుకున్నా నకలు ఇస్తారు. దొరికిన వీలునామా నచ్చకపోతే కోర్టులో కాదనొచ్చు. చింపి పొయ్యిలో పెడితే మాత్రం అసలు గొడవ కన్నా పెద్ద గొడవవుతుంది.

నామినీ, అప్పులు

“బ్యాంకులో నా పేరే ఉంది, డబ్బు నాదే.” ఈ మాట విననిదే నాకు నెల గడవదు. ఖాతా తెరిచే రోజున పక్కన ఉన్న కొడుకు పేరు నామినీగా పడుతుంది. అతను బ్యాంకు నుంచి డబ్బు అందుకునే చేయి మాత్రమే. అందుకున్నాక వారసులందరికీ పంచాల్సినవాడే. జీవిత బీమాలో ఒక తేడా ఉంది: 2015 సవరణ తర్వాత భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీగా ఉంటే ఆ సొమ్ము మామూలుగా వాళ్లకే చెందుతుంది. నామినీ లేని చిన్న మొత్తాలకి వారసులంతా సంతకాలు చేసి బాండు రాసిస్తే బ్యాంకు ఇచ్చేస్తుంది. పెద్ద మొత్తమైనా తగువు ఉన్నా కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ తెమ్మంటారు. అది డబ్బుకి, బాండ్లకి పనికొచ్చే కాగితం, భూమికి కాదు. పదేళ్లు కదలిక లేని డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిధికి వెళ్లిపోతాయి. వాటిని వెతకడానికి ఉద్గమ్ అనే పోర్టల్ ఉంది, దొరికితే తిరిగి అడగొచ్చు.

అప్పులు కూడా రాయండి. సొసైటీలో పంట రుణం, డ్వాక్రా సంఘంలో అమ్మ పొదుపు, ఆమె తీసుకున్న అప్పు, బ్యాంకులో తాకట్టు పెట్టిన బంగారం, చీటీ పాట, ఊళ్లో నోట్లు. బీరువాలో లేని నగ రసీదు రూపంలో దిండు గలీబులో దొరికిన ఇళ్లు నాకు తెలుసు, ఆ రసీదు దొరకడంతో చిన్నకోడలి మీద పడిన నింద పోయింది. తల్లిదండ్రుల అప్పుకి పిల్లలు వాళ్ల నుంచి వచ్చిన ఆస్తి మేరకే బాధ్యులు, మీరు హామీ సంతకం పెట్టి ఉంటే తప్ప సొంత సంపాదన మీదికి రాదు. ప్రామిసరీ నోటు పట్టుకుని ఎవరైనా వస్తే తేదీ చూడండి. మూడేళ్లు దాటి, మధ్యలో కొంత కట్టినట్టు చెల్లు కూడా రాసి లేకపోతే కోర్టులో నిలవదు. నాన్న నిజంగానే తీసుకున్నాడని మీకు తెలిస్తే ఏం చేయాలో మీ ఇష్టం. చాలామంది కడతారు.

అప్పులు తీసేశాకే పంపకం. ముందు పంచుకుని తర్వాత అప్పు పంచుకుందామంటే అప్పు దగ్గర ఒక్కరే మిగులుతారు.

ఇంట్లో సామాను

చట్టం పుస్తకాల్లో దీనికి పెద్ద చోటు లేదు. నా అనుభవంలో సగం కాపురాల్లో మాటలు మానిపించింది ఇదే.

సంతకవిటి వైపు ఒక ఇంట్లో, తల్లి పోయిన ఏడాదికి, ఇద్దరు కూతుళ్లు, ఇద్దరు కోడళ్లు హాల్లో చాప పరిచి ఇత్తడి సామానంతా దించారు. బుడితి బిందెలు, గుండిగలు, కంచు గిన్నెలు, ఒక పాలచెంబు. అందులో ఒక బిందె అంచు మీద చుక్కలతో పేరు కొట్టించి ఉంది, తల్లి పేరు, ఆమె కన్నవారి ఇంటిపేరుతో. “ఇది అమ్మ పుట్టింటి సారె. మాకు రావాలి” అంది పెద్దకూతురు. “ఏటప్పా, పెళ్లయి వచ్చిన్నాటి నుంచి చింతపండెట్టి తోమింది నేను” అంది పెద్దకోడలు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. అది తూకానికి అమ్మితే వచ్చే డబ్బు ఎవరికీ లెక్కలోది కాదు. తమ్ముడు మాత్రం “అన్నీ పాతసామాను వాడికిచ్చి డబ్బు పంచుకుందాం” అని విసుక్కున్నాడు. అలా అనేవాడు ప్రతి ఇంట్లోనూ ఒకడుంటాడు. వాడి మాట వింటే పంపకం తొందరగా అవుతుంది, ఆ తర్వాత కూతుళ్లు ఆ ఇంటికి రారు.

వాళ్లకి నేను చెప్పిన పద్ధతి ఇది. ఎవరికి వారు, ఎవరితోనూ మాట్లాడకుండా, తమకి తప్పనిసరిగా కావాల్సిన మూడు వస్తువులు చీటీ మీద రాయాలి. చీటీలు ఒకేసారి విప్పాలి. ఆశ్చర్యంగా, చాలా వస్తువులకి ఒక్కరే పేరు రాస్తారు. అందరూ అదే కోరుతున్నారని భయపడి ముందే అరుస్తారు గానీ, కోరికలు వేరు వేరుగా ఉంటాయి. ఇద్దరూ రాసినదానికే చీట్లు వేసి చిన్నపిల్లతో తీయించాలి. ఓడినవాళ్లకి మిగిలిన సామానులో మొదటి ఎంపిక. ఆ బిందె కోడలికి పడింది. కూతురు కంచు గిన్నెల జత, పాలచెంబు ఎంచుకుంది. ఇష్టంగా కాకపోయినా తీసుకుంది, సంక్రాంతికి వస్తోంది.

బంగారం గ్రాముల్లో రాయండి. తులమంటే కొట్టులో 10 గ్రాములు, పెద్దవాళ్ల లెక్కలో 11.66. ఈ తేడా మీదే ఒకరు దొంగ అయిపోతారు. అందరూ కలిసి ఒకే కంసాలి దగ్గరికి వెళ్లి, రాళ్లు, లక్క తీసిన బరువు వేయించి, ఆ రోజు రేటుతో రాసుకోండి. కరిగించి సమానంగా పోయించడం న్యాయంలాగే ఉంటుంది గానీ తరుగు, మజూరీ పోయాక ఎవరికీ అమ్మ గుర్తు మిగలదు. నగ కావాల్సినవాళ్లు ఎక్కువ బరువుకి డబ్బు ఇచ్చి తీసుకోవడం మేలు. ఒక విషయం మరవొద్దు: అత్తగారి బీరువాలో దాచుకున్న కోడలి నగలు కోడలివే. లెక్క మొదలుపెట్టక ముందే వాటిని పక్కకి తీయాలి. పెళ్లి ఫొటోలు ఇక్కడ సాక్ష్యానికి పనికొస్తాయి.

ఫొటోలు స్కాన్ చేయించి అందరికీ పంపండి. నాన్న పొందూరు ఖద్దరు పంచెలు పెట్టెలో ఉంటే పంచుకోండి, కట్టుకునేవాడు ఉంటే అతనికే ఇవ్వండి. దస్తావేజుల అసళ్లు ఎవరి దగ్గరుండాలో పంపకం కాగితంలోనే రాయించి, మిగతావాళ్లంతా ఫొటోలు తీసుకోవాలి.

తాళం వేయలేని ఆస్తి ఒకటుంది. ఆవు పాలు పిండాలి, మేత వేయాలి. ఉద్దానం వైపు అయితే జీడిపిక్క రాలుతూనే ఉంటుంది, ఏరకపోతే పోతుంది. వీటిని పంపకం దాకా ఎవరు చూస్తారో, ఆదాయం ఎవరికో, ఖర్చు ఎవరిదో మొదటి వారంలోనే ఖర్చుల పుస్తకంలో రాసేయండి. మేపినవాడికి పాలు అన్నది సరిపోయే ఏర్పాటు.

కూర్చుని మాట్లాడే రోజు

పొద్దున్నే మొదలుపెట్టండి, మందు వాసన ఇంట్లో ఉండకూడదు. పెద్దమనిషిగా పిలిచేవాడికి మీ పొలం పక్కన పొలం ఉండకూడదు, మీకు అప్పు ఇచ్చి ఉండకూడదు. అల్లుళ్లని బయట అరుగు మీద కూర్చోమనండి. అల్లుళ్ల మీద నాకేమీ కోపం లేదు, నేనూ ఒక ఇంటికి అల్లుణ్ణే. భార్యలు, భర్తలు పక్కనుంచి అందిస్తుంటే తోబుట్టువులు తమ మాట మాట్లాడలేరు, అంతే. అనుకున్నది అక్కడికక్కడే రాయండి. కుదరనిది “తర్వాత” అని రాసి ముందుకి పోండి. ఒక్కచోట ఆగిపోయి అప్పటిదాకా కుదిరినవన్నీ చెడగొట్టుకోవద్దు.

“చివర్లో చూసింది నేను” అన్న మాట తప్పకుండా వస్తుంది. మంచం పట్టిన తండ్రికి మూడేళ్లు స్నానం చేయించిన కొడుక్కి, ఊరికే ఫోన్ చేసినవాడికి చట్టం ఒకే వాటా ఇస్తుంది. నాకు ఇది సరైనదిగా తోచదు. వాటాలు వేయక ముందే, చూసుకున్న వాళ్లకి ఏదో ఒకటి, పెరటి స్థలమో కొంత డబ్బో, విడిగా తీసి ఇవ్వమని చెబుతాను. దూరాన ఉన్నవాళ్లు తామే ఆ మాట ముందు అంటే ఆ పూట సగం పని అయిపోయినట్టే. అడిగించుకుని ఇస్తే దానికి విలువ లేదు.

తల్లి ఇంకా ఉంటే ఆమె వాటా ఆమె పేరునే ఉండనివ్వండి. “మేం చూసుకుంటాంలే అమ్మా” అని రాయించుకునేవాళ్లు వస్తారు. ఆమె ఇస్తానన్నా నేను ఒక వాక్యం చేర్చమంటాను: పోషణ, వైద్యం చూడాలన్న షరతుతో ఇస్తున్నాను అని. ఆ షరతు రాసి ఉండి చూడకపోతే, 2007 వయోవృద్ధుల చట్టం సెక్షన్ 23 కింద ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్‌లో ఆ దస్తావేజుని రద్దు చేయించుకునే దారి ఆమెకి ఉంటుంది.

భూమి, కాగితం

మా వైపు పాత పద్ధతి, పెద్దవాడు వాటాలు వేయాలి, చిన్నవాడు ముందు కోరుకోవాలి. ఇంతకన్నా మంచి తక్కెడ నేను చూడలేదు. కోరుకునేది తను కాదని తెలిస్తే పెద్దవాడు గజం తేడా లేకుండా వేస్తాడు. విస్తీర్ణం సమానమైతే చాలదు. పల్లం వేరు, మెట్ట వేరు, రోడ్డు పక్కది వేరు. నీళ్లు ఏ గట్టు మీంచి వస్తాయి, బండి ఏ దారిన పోతుంది, బోరు ఎవరి చెక్కలో పడింది, మోటారు కరెంటు సర్వీసు ఎవరి పేరున ఉంది, టేకు చెట్లు ఎవరివి, కళ్లం ఉమ్మడా కాదా. ఇవన్నీ దస్తావేజులో మాటల్లో పడాలి. రీసర్వే అయిన ఊళ్లలో కొత్త ఎల్‌పీ (ల్యాండ్ పార్సిల్) నంబర్లు వచ్చాయి, పాత సర్వే నంబరుతో పాటు అదీ రాయించండి. ముందుగా ఈసీ, అంటే ఆ భూమి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం తీసి, భూమి మీద తాకట్టు ఉందేమో చూసుకోండి. ప్రభుత్వం పేదలకి ఇచ్చిన డి-పట్టా భూమి అయితే వారసులకి వస్తుంది గానీ అమ్మకానికి ఆంక్షలుంటాయి, ధర కట్టి లెక్కేసేటప్పుడు జిరాయితీతో, అంటే పూర్తి సొంత పట్టా భూమితో సమానం చేయకండి.

ఊళ్లో పెద్దల ముందు తెల్లకాగితం మీద రాసుకుని పెట్టెలో దాచుకోవడం ఇప్పటికీ ఉంది. పంపకం దస్తావేజు రిజిస్టర్ కాకపోతే బ్యాంకు అప్పివ్వదు, కొనేవాడు నమ్మడు, కోర్టులో దాని బలం తక్కువ. వారసత్వ పొలాల పంపకానికి ప్రభుత్వం ఈ మధ్య రుసుములు బాగా తగ్గించింది, ఖర్చుకి భయపడి ఆగిపోకుండా ఎంతవుతుందో ముందు ఆఫీసులో అడగండి. ఖాళీ స్టాంపు కాగితం మీద మాత్రం సొంత అన్నకైనా సంతకం పెట్టకండి.

ఎంతకీ కుదరకపోతే? ట్రాక్టరు పెట్టి గట్టు దున్నేయడం, తాళం పగలగొట్టడం చేయొద్దు. దావాకి ముందే లోక్ అదాలత్‌కి వెళ్లొచ్చు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లా కోర్టుల ఆవరణల్లో జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు ఉన్నాయి, హెల్ప్‌లైన్ 15100. అక్కడ రాజీ కుదిరి ఇచ్చిన అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు. ఈ సంగతి తెలియక వాటా వదిలేసుకున్న చెల్లెళ్లు ఉన్నారు. వాటాలు తేల్చమని భాగపరిష్కారపు దావా వేయాల్సే వస్తే వాటాదారులందరినీ చేర్చాలి. ఒక్కరిని వదిలేసినా మొదటికొస్తుంది.

రిజిస్ట్రేషన్ రోజుకి: వాటాదారులంతా, ఇద్దరు సాక్షులు, అందరి ఆధార్ కార్డులు, పాస్‌బుక్, పాత దస్తావేజులు, డెత్ సర్టిఫికెట్, కుటుంబ సభ్యుల పత్రం. విదేశంలో ఉన్నవాళ్లు అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ ముందే పంపాలి, వాట్సాప్‌లో ఫొటో పనికిరాదు. నా డ్రాఫ్టు రెండు రోజుల ముందే ఇస్తాను, ఇంటికి తీసుకెళ్లి అందరూ చదవండి, చదవలేనివాళ్లకి చదివి వినిపించండి. రిజిస్ట్రేషన్ అయ్యాక మ్యుటేషన్ (రెవెన్యూ రికార్డుల్లో పేరు మార్పు) చేయించుకుని, మీభూమి వెబ్‌సైట్‌లో 1-బీ, అడంగల్ అనే భూమి రికార్డుల్లో ఎవరి పేరు ఎక్కిందో చూసుకోండి. కరెంటు సర్వీసు పేరు మార్పు అందరూ మరిచిపోతారు, అదీ అదే వారంలో పెట్టండి.